అతుకు వేసిందెవరు?

'అతుకు' అనే మాటంటే మనకు చిన్నచూపు. 'అతుకుల బొంత' అన్నామంటే అది తిట్టు కిందే లెక్క. కానీ మా అమ్మమ్మ ప్రతి వేసవిలోనూ పాత చీరలన్నీ ముందేసుకుని, గట్టిగా ఉన్న మేరకు చింపి, ముక్కకి ముక్క కలిపి బొంతలు కుట్టేది. చలికాలమంతా ఇంటిల్లిపాదీ వాటిలోనే ముడుచుకుని పడుకునేవాళ్ళం. ఏ ముక్క ఎవరి చీరదో, ఏ కుట్టు ఏ ఏడు వేసిందో ఆవిడకి గుర్తే. ఆవిడ పోయాక చెప్పేవాళ్ళు లేరు. బొంత ఇంకా మా పుట్టింట్లో ఉంది. కుట్టిన చేతి ఆనవాలు మాత్రం ఎక్కడా లేదు.

ఇప్పుడు ఈ అతుకుల గోల ఎందుకంటారా? పోయిన వర్షాకాలంలో నేనూ ఒక అతుకు వేశాను. గుడ్డకి కాదు, ఒక కంప్యూటర్ ప్రోగ్రాముకి. దాన్ని వాళ్ళ భాషలోనూ 'ప్యాచ్' అనే అంటారు. నవ్వకండి, అదేదో పోల్చి చెప్పడానికి పెట్టిన పేరు కూడా కాదు. 1940లలో కొన్ని కంప్యూటర్లకు చెప్పదలుచుకున్నది కాగితపు టేపు మీద రంధ్రాలు పొడిచి చెప్పేవాళ్ళు. తప్పు చోట రంధ్రం పడితే దాని మీద చిన్న ముక్క అతికించి మూసేసేవాళ్ళు. గ్రేస్ హాపర్ అనే ఆవిడ పనిచేసిన హార్వర్డ్ మార్క్ 1 యంత్రం టేపుల మీద అలాంటి అతుకులు ఉండేవి. మనం చిరుగుకు వేసే మాసికకీ దానికీ తేడా ఏముంది చెప్పండి?

మావారి ఉద్యోగరీత్యా మూడేళ్ళుగా మేం మారేడుమిల్లిలో ఉంటున్నాం. ఆదివారాలు రాజమండ్రి నుంచి కార్లేసుకుని బొంగు చికెన్ కోసం వచ్చి, జలతరంగిణి దగ్గర ఫొటోలు దిగి వెళ్ళిపోయే జనానికి తెలిసిన మారేడుమిల్లి ఒకటి. వాన పట్టుకుంటే కరెంటు ఎప్పుడొస్తుందో, ఫోనులో సిగ్నల్ ఎప్పుడు దొరుకుతుందో తెలియని మారేడుమిల్లి ఇంకొకటి. మా ఇంట్లో ఫోను మాట్లాడాలంటే డాబా ఎక్కి, నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడాలి. అక్కడైతే రెండు గీతలు వస్తాయి. కథలు రాసుకునేదాన్ని కాబట్టి ఈ నిశ్శబ్దం నాకు బాగానే ఉందనుకోండి, అది వేరే సంగతి.

పక్కింటి పాప ఒకర్తి రెండో తరగతి చదువుతోంది. కోయవాళ్ళ పిల్ల. ఇంట్లో కోయ, బడిలో తెలుగు. సాయంత్రం మా ఇంటికి వస్తే, మా మేనల్లుడు మావారి ల్యాప్‌టాప్‌లో పెట్టి ఇచ్చిన పిల్లల ఆటల ప్రోగ్రాము తెరిచి కూర్చోబెడతాను. కూడికలు, తీసివేతలు, బొమ్మల పేర్లు, అలాంటివి. తెలుగులో కూడా ఉందది, డబ్బు కట్టక్కర్లేదు. ఒకరోజు ఆ పాప మూడూ నాలుగూ ఏడని సరిగ్గానే నొక్కింది. తెర మీద పెద్ద అక్షరాలతో 'కుడి!' అని వచ్చింది.

పాప కుడివైపు చూసింది. అక్కడేం లేదు. నావైపు చూసింది. మళ్ళీ ఇంకో లెక్క సరిగ్గా చేసింది. మళ్ళీ 'కుడి!' అంది యంత్రం. అప్పుడు కాదు నాకు వెలిగింది, రాత్రి గిన్నెలు సర్దుతుండగా వెలిగింది. ఇంగ్లీషులో 'రైట్' అని ఉండి ఉంటుంది. కరెక్టు అనే రైటు. తెలుగు చేసిన మనిషికి ఆ ఒక్క మాట విడిగా కనబడి ఉంటుంది, ఎక్కడ వస్తుందో తెలియక కుడి అని రాసేసి ఉంటాడు. తప్పు అతనిదీ కాదు. మాటని ఇంట్లోంచి లాగి వీధిలో ఒంటరిగా నిలబెడితే ఎవరు పోల్చుకుంటారు?

సెలవులకు వచ్చిన మా మేనల్లుడితో ఈ మాటే అన్నాను. వాడు కాకినాడలో ఇంజనీరింగు చదువుతున్నాడు. "అయితే దిద్ది పంపించు అత్తా, అది ఓపెన్ సోర్సే కదా" అన్నాడు, పక్కింటికి పెరుగు పంపించమన్నంత తేలిగ్గా.

ఓపెన్ సోర్స్ అంటే ఏమిటో వాడు పావుగంట చెప్పాడు గానీ, నాకు అర్థమైన పద్ధతిలో నేను చెబుతాను. రెడీమేడ్ జాకెట్లు కొంటాం చూడండి, లోపల ఒక్క అంగుళం గుడ్డ కూడా వదలరు. ఒళ్ళు కాస్త వస్తే ఇక అది పాతగుడ్డే. మన వీధి టైలరు కుట్టినదైతే లోపల గుడ్డ వదిలి కుడతాడు, కుట్టు విప్పి వదులు చేసుకోవచ్చు. ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములు లోపల గుడ్డ వదిలి కుట్టినవి. వాటి లోపలి రాతంతా అందరికీ కనిపించేలా పెడతారు. విప్పుకోవచ్చు, మార్చుకోవచ్చు, మార్చింది నలుగురికీ పంచవచ్చు. అలా మార్చుకునే హక్కు ఉండాలని రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో మొదలుపెట్టాడు. 1991లో ఫిన్లాండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే కాలేజీ కుర్రాడు లినక్స్ రాసి బయటపెట్టాడు. మీ చేతిలో ఉన్నది ఆండ్రాయిడ్ ఫోనైతే దాని అడుగున ఉన్నది ఆ లినక్సే. మనవాళ్ళూ తక్కువ తినలేదు. స్వేచ్ఛ అనే సంస్థ హైదరాబాదు కేంద్రంగా తెలుగులో కంప్యూటర్ నడవాలని పనిచేస్తూ వచ్చింది. ఇంటర్నెట్‌లో తెలుగు రాసుకోవడానికి లేఖిని చేసిపెట్టిన వీవెన్‌కి తెలుగు బ్లాగులు రాసిన మా తరం చాలానే రుణపడింది.

సరే, దిద్దాలంటే నెట్ ఉండాలి కదా, ఈ అడవిలో ఎలా అన్నాను. అక్కడే నాకు ఈ విద్య మీద మొదటిసారి ప్రేమ పుట్టింది.

ఇలాంటి పనులకు 'గిట్' అనే సాధనం వాడతారు. దాని పని ఏమిటంటే, ఒక ప్రోగ్రాములో ఎవరు, ఎప్పుడు, ఏ వరుస తీసి ఏ వరుస పెట్టారో, ఎందుకు పెట్టారో మొత్తం రాసి ఉంచడం. తీసిన వరుస ముందు మైనస్ గుర్తు, చేర్చిన వరుస ముందు ప్లస్ గుర్తు. అంతకుముందు లినక్స్ రాసేవాళ్ళు ఒక కంపెనీ వాళ్ళ సాధనం ఉచితంగా వాడుకునేవారట. 2005లో ఆ ఉచితం ఆగిపోయింది. అప్పుడు టోర్వాల్డ్స్ పది రోజులు కూర్చుని గిట్ మొదటి రూపం తనే రాసుకున్నాడు. గిట్ అంటే ఇంగ్లండు వాడుకలో పనికిమాలినవాడని అర్థం. తన పేరే దానికి పెట్టుకున్నానని ఆయన హాస్యమాడాడు.

దీని గొప్ప ఏమిటంటే, ఆ చరిత్ర అంతా ఎక్కడో ఒక పెద్ద కంప్యూటర్లో దాచిపెట్టి మనకి చూపించరు. ఒకసారి తెచ్చుకుంటే మొదటిరోజు నుంచీ జరిగిన ప్రతి మార్పూ మన యంత్రంలోకే వచ్చేస్తుంది. ఇక సిగ్నల్ ఉన్నా లేకపోయినా మన పని మనం చేసుకోవచ్చు. చేసినది ఎప్పటికప్పుడు 'కమిట్' అని ముడి వేసుకుంటూ పోవచ్చు. పంపించే రోజున మాత్రం డాబా ఎక్కితే చాలు. ఊరగాయ పెట్టడానికి పొయ్యి దగ్గర ఎవరూ ఉండక్కర్లేదు, జాడీ ఎత్తేటప్పుడు ఒక చెయ్యి సాయం కావాలి, అంతే. మారేడుమిల్లి లాంటి ఊళ్ళో ఉన్న ఆడదానికి దీనికంటే అనువైన పద్ధతి ఉంటుందా?

మా మేనల్లుడు చూపించిన ఫైలు తెరిస్తే ఇంగ్లీషు మాట ఒక వరుస, దాని కింద తెలుగు మాట ఒక వరుస, ఆ చివర నుంచి ఈ చివరకి అదే. నోట్సు పుస్తకంలో ఇంగ్లీషు మీనింగులు రాసుకున్నట్టు ఉంది. 'కుడి' తీసి 'సరిగ్గా చెప్పావు' అని పెట్టాను. మార్పుతో పాటు ఎందుకు మార్చావో నాలుగు ముక్కలు రాయాలట. కథకి ఉత్తరం జతచేసినట్టు రాశాను. పాప కుడివైపు చూసిన సంగతి కూడా రాశాను, మేనల్లుడు వద్దన్నా వినలేదు. డాబా ఎక్కి పంపాం.

మూడోరోజు జవాబొచ్చింది. ఆ ప్రాజెక్టు చూసే మనిషి యూరపు ఆయన. పాప సంగతి చదివి సంతోషించానన్నాడు. కానీ ఈ అతుకు వెయ్యలేనన్నాడు. ఎందుకంటే అదే 'రైట్' అనే మాట ఇంకో ఆటలో బాణం గుర్తు పక్కన కూడా వస్తుంది. రెండుచోట్లకీ కలిపి ఒకటే వరుస. నా మార్పు వేస్తే, కుడివైపు బాణం పక్కన 'సరిగ్గా చెప్పావు' అని వస్తుంది!

నాకు సిగ్గేసింది. ఒక చిరుగు మూసి ఇంకో చిరుగు పెట్టబోయాను. ఆయన మందలించలేదు, దారి చెప్పాడు. ప్రోగ్రాములో ఆ మాట వచ్చే రెండుచోట్లా 'ఇది దిక్కు', 'ఇది మెచ్చుకోలు' అని చిన్న గుర్తు తగిలిస్తే అవి రెండు వేరువేరు వరుసలు అవుతాయి. అప్పుడు ఎవరి భాషలో వాళ్ళు వేరువేరుగా రాసుకోవచ్చు. ఆ గుర్తులు తగిలించడం నాకు రాదనుకున్నాను. చూస్తే రెండు వరుసల పని. మేనల్లుడు పక్కన కూర్చుని చూపిస్తే నేనే కొట్టాను.

ఇక్కడ నాదొక పాత గాయం చెప్పాలి. చాలా ఏళ్ళ క్రితం ఒక పత్రికలో నా కథ వచ్చింది. నేను రాసిన ముగింపు లేదు. కథలో భర్తని వదిలి వెళ్ళిపోయిన అమ్మాయి అచ్చులో తిరిగొచ్చేసింది. ఎవరు మార్చారో, ఎందుకు మార్చారో ఇప్పటికీ తెలియదు. మైనస్ గుర్తూ లేదు, ప్లస్ గుర్తూ లేదు. ఇక్కడ ముక్కూ ముఖం తెలియని మనిషి, నేను పంపిన ఒక్క మాటని కాదనడానికి ఇంత కారణం చెప్పి, నన్నే దిద్దుకోమన్నాడు. ఎంత తేడా!

అంతటితో అయిపోలేదు. తెలుగు చూసే ఇంకొకాయన అదే సమయానికి అదే వరుసలో 'సమాధానము సరియైనది' అని రాసి పంపాడు. ఒకే వరుసని ఇద్దరు మారిస్తే గిట్ ఏం చేస్తుందో తెలుసా? తీర్పు చెప్పదు. ఇద్దరి మాటలూ పైనా కిందా పెట్టి, మధ్య అడ్డగీత గీసి, 'మీరే తేల్చుకోండి' అని ఆగిపోతుంది. తోటికోడళ్ళ తగవులో మా అత్తగారు చేసే పనే. 'చెప్పావు' అనడం మర్యాద కాదని ఆయన. రెండో తరగతి పాపని 'తమరు సరియైన సమాధానము చెప్పితిరి' అంటే పారిపోతుందని నేను. వాడుకభాష కోసం గిడుగు రామమూర్తి పంతులుగారు అంత పోరాడి, కొండల్లో సవరల భాష నేర్చుకుని వాళ్ళకి వాచకాలు రాసి వందేళ్ళయింది. మనం ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండ వేస్తాం. కంప్యూటర్ తెర మీదకి వచ్చేసరికి మళ్ళీ 'దస్త్రము', 'ఉపకరణపట్టీ' మొదలు. తెలుగు తప్పని అనను, ఎవరి తెలుగు అన్నదే నా ప్రశ్న. ఆ మాటలు పెట్టినవాళ్ళు చదువుకున్న మగపిల్లలు, మంచి మనసుతోనే పెట్టారు. పిల్లలకి అన్నం తినిపిస్తూ మాట్లాడేవాళ్ళు ఆ గదిలో లేరు, అంతే.

చివరికి 'చెప్పావు' నిలబడింది. కానీ తెర మీద చూస్తే ఇంకో విడ్డూరం. 'సరిగ్గా'లో గ వత్తు సగం తెగిపోయింది. మిగతా ఆటలు తీసి చూశాను. 'లెక్క' కాస్తా 'లెక' అయి కూర్చుంది. 'మళ్ళీ ప్రయత్నించు' అనేదానికి కాళ్ళు నరికేసినట్టు ఉంది. ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకి సరిపోయేట్టు ఆ గడి గీశారు. మన వత్తులకి కింద చోటు లేదు. తెలుగు చూసే ఆయన, పొట్టి మాట పెడదామా అన్నాడు. 'భలే' అయితే వత్తులు లేవు, సరిపోతుంది అన్నాడు. మాట నాకూ నచ్చింది. కానీ ఒప్పుకోలేదు. గది చిన్నదైతే గది పెంచాలి గానీ మనిషి కాళ్ళు ముడుచుకోవడమేమిటి? మనకి ఆ అలవాటు ఎక్కువే. ఎంత చోటిస్తే అంతలో సర్దుకుంటాం, సర్దుకున్నందుకు మెచ్చుకుంటే మురిసిపోతాం.

గడి ఎత్తు చెప్పే అంకె ఒకచోట ఉంది. 24ని 36 చేశాను. అదీ నా రెండో అతుకు, ఒక్క అంకె. అది వేశాక కన్నడానికీ, కాంబోడియా వాళ్ళ ఖ్మేర్ లిపికీ కూడా పనికొచ్చిందని ఆ యూరపు ఆయన రాశాడు. వాళ్ళకీ అక్షరాల కింద అక్షరాలు ఉంటాయట. మారేడుమిల్లి వంటింటి బల్ల మీద కూర్చుని మార్చిన అంకె వల్ల ఎక్కడో కాంబోడియాలో ఒక పిల్లకి తన అక్షరం పూర్తిగా కనబడుతుందంటే, ఆ రోజు పప్పు మాడిందని నేను బాధపడలేదు.

లోపల గుడ్డ వదలకుండా కుట్టిన రకం ప్రోగ్రాములో ఇలాంటిది వస్తే ఏమవుతుందో మనం 2018 ఫిబ్రవరిలో చూశాం. గుర్తుందా, 'జ్ఞా' అనే తెలుగు అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో మెసేజిగా వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలేవి. జ్ఞానంలో 'జ్ఞా', జ్ఞాపకంలో 'జ్ఞా'. ప్రపంచమంతా మన అక్షరాన్ని బాంబు అని నవ్వుకుంది. మొజిల్లాలో పనిచేసే మనీష్ గోరేగావ్‌కర్ అనే భారతీయుడు బయటినుంచే పరీక్షించి, ఏయే అక్షరాలు ఎలా కలిసినప్పుడు ఈ గొడవ వస్తోందో, బెంగాలీలోనూ దేవనాగరిలోనూ కూడా ఎలా వస్తుందో వివరంగా రాశాడు. ఇంత తెలిసినా అతను దిద్దలేడు, ఎందుకంటే లోపలి రాత కంపెనీకి తప్ప ఎవరికీ కనబడదు. ఫిబ్రవరి 19న యాపిల్ వాళ్ళు 11.2.6 అనే సవరణ విడుదల చేసేదాకా అందరూ కాచుకోవాల్సిందే. అదే ఆండ్రాయిడ్ ఫోన్లలో, ఫైర్‌ఫాక్స్‌లో, లిబ్రే ఆఫీసులో మన అక్షరాలకి వత్తులు కూర్చిపెట్టేది హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము. దాన్ని రాసినవారిలో ముఖ్యుడు ఇరాన్ నుంచి వచ్చిన బెహదాద్ ఎస్ఫహ్‌బోద్. మన 'క్ష్మి' సరిగ్గా రాకపోతే, ఓపిక ఉంటే, మనమే లోపలికి వెళ్ళి చూడొచ్చు. యాపిల్ వాళ్ళు వారం పది రోజుల్లో బాగుచేశారు, కాదనను. నా బాధ ఆలస్యం గురించి కాదు. మన అక్షరం సంగతి మన చేతిలో లేకపోవడం గురించి.

ఇదంతా విని మా ఎదురింటావిడ ఒక మాటన్నారు. ఆవిడ బడిలో పనిచేస్తారు, మాట సూటిగా ఉంటుంది. "ఏమమ్మా, వంట ఉచితం, అంట్లు ఉచితం, పిల్లల చదువు ఉచితం, అత్తగారి కాళ్ళు పట్టడం ఉచితం. ఇప్పుడు కంప్యూటర్ చాకిరీ కూడా ఉచితంగా మొదలెట్టావా?"

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఆవిడ అన్నది అబద్ధమా? ఈ ఉచితపు పనుల మీద కోట్లు గడించే కంపెనీలు బోలెడు. ఎక్స్‌జెడ్ అనే ఒక చిన్న ప్రోగ్రాము ఉంది. ప్రపంచంలో లెక్కలేనన్ని కంప్యూటర్లు దాన్ని వాడతాయి. ఏళ్ళ తరబడి దాన్ని ఖాళీ సమయంలో, జీతం లేకుండా చూసింది దాదాపు ఒక్కడే. అతను అలసిపోయానని చెప్పుకున్నప్పుడు, సాయం చేస్తానని ఎవరో మారుపేరుతో చేరి, రెండేళ్ళు మంచి అతుకులే వేసి, నమ్మకం సంపాదించి, చివరికి దొంగదారి ఒకటి లోపల కుట్టేశారు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, లోపలికి వెళ్ళడానికి అరసెకను ఆలస్యమవుతోందేమిటని అనుమానించి తవ్వితే బయటపడింది. చూశారా, ఒక్కరి మీద ఇల్లంతా వదిలేసి, వాళ్ళ నడుం విరిగేదాకా ఎవరూ పట్టించుకోకపోవడం మన ఇళ్ళలోనే కాదు, అక్కడా ఉంది.

పోనీ అందులో ఆడవాళ్ళకి చోటుందా అంటే, 2006 నాటి లెక్క ఒకటి ఉంది. గ్నోమ్ అనే ప్రాజెక్టులో వేసవి శిక్షణకి 181 దరఖాస్తులు వస్తే అందులో ఒక్కటీ అమ్మాయిది కాదు. 'అమ్మాయిలకి ఆసక్తి లేదు' అని చేతులు దులుపుకోకుండా, ఆ ప్రాజెక్టు వాళ్ళు ఆడవాళ్ళకోసమే ఒక్కొక్కరికి 3,000 డాలర్ల చొప్పున మూడు చోట్లు కేటాయించారు. 2010లో మరీనా జురాఖిన్‌స్కయా అనే ఆవిడ పూనుకుని దాన్ని మళ్ళీ నిలబెట్టింది. అదే ఇప్పుడు ఔట్రీచీ అనే పేరుతో ఉంది. మూడు నెలల పనికి 7,000 డాలర్ల భృతి ఇస్తుంది. ఆవిడ 2022లో కన్నుమూసింది. ఇంట్లో చదువుకున్న ఆడపిల్లలున్న తల్లులు ఈ పేరు గుర్తుపెట్టుకోండి.

నా మట్టుకు నేను ఒక లెక్క వేసుకున్నాను. ఎవరైనా కంపెనీ ఉద్యోగులు జీతం తీసుకుంటూ చేసే పనిని, నాలాంటివాళ్ళ చేత ఉచితంగా చేయించుకుంటే ఒప్పుకోకూడదు. ఫలానా పెద్ద కంపెనీ యాప్‌లో తెలుగు తప్పులు దిద్దమంటే దిద్దను, వాళ్ళు డబ్బిచ్చి మనిషిని పెట్టుకోవాలి. కానీ పక్కింటి పాప ఆడుకునే ఆట, ఎవరూ అమ్ముకోని ఆట, దానికి వారంలో ఒక మధ్యాహ్నం ఇస్తాను. అదీ నాకు తీరికైనప్పుడు. ఆ గీత ఎవరికి వారే గీసుకోవాలి. ఎదురింటావిడ ఇంకా ఒప్పుకోలేదు. ఆవిడ ఒప్పుకోకపోవడమే మంచిదేమో, నన్ను గీత దాటనివ్వరు.

ఇంకో విషయంలోనూ నాకు గీత ఉంది. ఆ ఆట తెలుగులో బాగుపడింది సరే, పాప ఇంటిభాష కోయ కదా? 2000 తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో కోయ, కువి, సవర, కొండ లాంటి భాషలకి తెలుగు లిపిలో చిన్నతరగతుల పుస్తకాలు వచ్చాయి. అంటే అచ్చులో దారి పడింది. కంప్యూటర్‌లో కూడా పడాలి. ఆ ఫైలు కోయలో నువ్వే మొదలుపెట్టు అత్తా అన్నాడు మేనల్లుడు. నేనెలా మొదలుపెడతాను? బయటినుంచి వచ్చిన నేను కోయ మాటలు పెడితే రేపు వాళ్ళ పిల్ల ఇంకో 'కుడి' చూసి దిక్కులు చూస్తుంది. పాప వాళ్ళక్క ఇంటర్ చదువుతోంది. ఆ అమ్మాయి సరేనంటే పక్కన కూర్చుని గిట్ చూపిస్తాను. మాటలు మాత్రం తనవే కావాలి. ఇప్పటికి రెండు మధ్యాహ్నాలు వచ్చి కూర్చుంది. ఇంకా ఏమీ కొట్టలేదు, ప్రశ్నలడుగుతోంది.

ఆ అమ్మాయికి చూపిస్తుండగానే బయటపడింది అసలు సంగతి.

గిట్‌లో 'బ్లేమ్' అని ఒక ఆజ్ఞ ఉంది. ఫైలులో ఏ వరుస ఎవరు రాశారో ప్రతి వరుస పక్కనా పేరూ తేదీ చూపిస్తుంది. బ్లేమ్ అంటే నింద. పేరు పెట్టినవాడు సంసారం ఎరిగినవాడే. మన ఇళ్ళలో కూడా కూరలో ఉప్పెక్కువైతేనే చేసిందెవరని అడుగుతారు, కుదిరితే అడగరు. సరే, నా వరుస చూపిద్దామని ఉత్సాహంగా ఆ ఆజ్ఞ కొట్టాను. 'సరిగ్గా చెప్పావు' పక్కన పేరు వచ్చింది. అది మావారి పేరు.

గడి ఎత్తు పక్కన కూడా మావారి పేరే. ల్యాప్‌టాప్ ఆయనది. మేనల్లుడు మొదటిరోజు హడావిడిలో దాంట్లో ఉన్న పేరూ ఈమెయిలూ అలాగే ఉంచేశాడు. ఆ అమ్మాయి "ఇది సార్ రాసిందా?" అని అడిగింది. ఆ అడగడంలో ఏమీ లేదు, మామూలుగానే అడిగింది. నాకే గొంతుకి ఏదో అడ్డంపడింది. బొంత కుట్టిన మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఇక్కడి సంతల్లో కట్టలు కట్టి అమ్మే అడ్డాకుల విస్తళ్ళు గుర్తొచ్చాయి. ఒక్కో విస్తరిలో ఎన్ని పుల్లలు గుచ్చుతారో, గుచ్చిందెవరో, భోజనానికి కూర్చున్నవాడు ఎప్పుడైనా అడిగాడా? పేరు రాసి ఉంచడానికే పుట్టిన సాధనంలో కూడా మొగుడి పేరుతోనే ఎక్కానన్నమాట!

చరిత్ర దిద్దడానికి వీల్లేదు. ఆ పేరుతోనే అది ఎంతోమంది యంత్రాల్లోకి వెళ్ళిపోయింది. అందరి దగ్గరా ఉండటమే దాని బలం అన్నాను కదా, ఇప్పుడు ఆ బలమే నాకు ఎదురొచ్చింది. మేనల్లుడికి ఫోను చేస్తే బోలెడు క్షమాపణలు చెప్పి, దానికీ ఒక దారి ఉందన్నాడు. మెయిల్‌మ్యాప్ అని ఒక చిన్న ఫైలు ఉంటుంది. ఫలానా పేరుతో, ఫలానా ఈమెయిలుతో ఎక్కిన పని నిజానికి ఫలానా మనిషిది అని అందులో ఒక వరుస రాస్తే, ఆ తర్వాత ఎవరు చూసినా అసలు పేరే కనబడుతుంది. పెళ్ళయి ఇంటిపేరు మారినవాళ్ళూ, మళ్ళీ పాత పేరుకి వచ్చినవాళ్ళూ చాలామంది దాన్ని వాడుకుంటారట.

ఒక్క వరుస కోసం ఆ పెద్దమనిషిని మళ్ళీ ఇబ్బంది పెట్టాలా అని రెండురోజులు ఊగాను. ఎవరి పేరుంటే ఏం, పాపకి పని జరిగిందిగా అని నాలోని మంచి ఇల్లాలు అంటూనే ఉంది. మావారికి చెప్పాను. నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. "ఆ యూరపాయన అప్పుడు మెచ్చుకుంటూ రాసింది నాకే అనుకుంటున్నాడా?" అని అడిగి కాసేపు ఊరుకున్నారు.

నిన్న రాత్రి వాన వెలిశాక కూర్చుని ఆ వరుస రాశాను. ముందు నా పేరు, తర్వాత నా ఈమెయిలు, ఆ తర్వాత ఆయన ఈమెయిలు. కారణం రాయాల్సిన చోట 'ఈ పని చేసింది నేను' అని మాత్రం రాశాను, అంతకంటే ఏమీ తోచలేదు. కరెంటు లేదు. ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని డాబా మెట్లెక్కుతుంటే మావారు టార్చిలైటు పట్టుకుని వెనకే వచ్చారు. ట్యాంకు పక్కన రెండు గీతలు దొరకడానికి పది నిమిషాలు పట్టింది.